అవతలి ఒడ్డున రాణమ్మ ఇల్లు

మా ఊరి చర్చి ఆవరణలో పాత బంగళా పడగొడుతున్నారని, అటక మీద ఎవరో దొరసాని పటం దొరికిందని, అది మా అమ్మమ్మదేనని ఊళ్లో పెద్దవాళ్లు అంటున్నారని ప్రసన్న ఫోన్ చేసింది. ప్రసన్న ఇప్పుడక్కడ ఉన్న పాస్టరుగారి భార్య. అంతకుముందు నేనా అమ్మాయిని చూడలేదు. పారేయడానికి మనసొప్పలేదండి, ఓసారి వచ్చి చూసుకోండి అంది. మోకాళ్ల నొప్పులతో కాకినాడలో గడప దాటడమే గగనంగా ఉన్నదాన్ని, మర్నాడే బస్సెక్కాను. అమలాపురంలో దిగి ఆటో మాట్లాడుకుని, అల్లవరం దాటి కాలవ గట్టు మీద పడేసరికి రొయ్యల చెరువుల వాసన ముక్కు పట్టేసింది. మా చిన్నప్పుడు ఆ గట్టు మీద వేరే వాసన వచ్చేది, పీచు కోసం నానబెట్టిన కొబ్బరి డొక్కలు కుళ్లిన వాసన. అదీ అంత గొప్పదేమీ కాదు. కాకపోతే ఎవరి చిన్నప్పటి కంపు వాళ్లకి ఇంపు.

పటాన్ని చర్చి వరండాలో కుర్చీకి ఆనించి పెట్టారు. అద్దం పగిలింది. అడుగున పేరు అచ్చేసి ఉండే చోటంతా చెదలు తినేశాయి. పైన మాత్రం ఆ దొరసాని, మా రాణమ్మ, అలాగే ఉంది. ఎత్తుగా దువ్వి కట్టిన తెల్లజుట్టు, ఊపిరాడకుండా బిగించిన నడుము, ఒళ్లో బొచ్చుకుక్కపిల్ల, నవ్వాలో మానాలో తేల్చుకోలేని పెదాలు. ఆ ముఖాన్ని నేను మా అమ్మ ముఖం కన్నా ఎక్కువ చూశాను. మా అమ్మ నన్ను కని పురిట్లోనే పోయింది. నన్ను పెంచింది అమ్మమ్మ, ఆవిడకి తోడు గోడ మీద ఈ రాణమ్మ.

మా తాతయ్య ఆ చర్చికి పాస్టరు. ఊరందరికీ ఆయన అయ్యగారు, అమ్మమ్మ అమ్మగారు. చుట్టుపక్కల పేటల్లో ఎవరికీ ఆవిడకి వేరే పేరొకటి ఉంటుందన్న ఆలోచనే వచ్చి ఉండదు. తెల్లారకుండా లేచి, కొబ్బరి డొక్కలతో పొయ్యి రాజేసి, ఆ పొగలో దగ్గుకుంటూనే కీర్తన అందుకునేది. నడుముకి తాళాల గుత్తి. ఆవిడ ఏ గదిలో ఉందో గుత్తి చప్పుడే చెప్పేది. సంఘంలో ఆడవాళ్లు వండుకునే ప్రతి పూటా ఓ పిడికెడు బియ్యం దేవుడి పేర తీసిపెట్టి, ఆదివారం తెచ్చి మా వసారాలో కుండలో పోసేవారు. అదే మాకు వారమంతా తిండి. ఎన్ని ఇళ్లో అన్ని రకాల బియ్యం, లావువి, సన్నవి, కొత్తవి, ముక్కిపోయినవి. అన్నీ కలిపి ఎసట్లో పోస్తే ఒక మెతుకు జావయ్యేసరికి పక్క మెతుకు పలుకుగా ఉంటుంది. అమ్మమ్మ చేటలో చెరిగి లావు గింజలు వేరు చేసి, ముందు అవి నానబెట్టి, సగం ఉడికాక సన్నవి పోసేది. ఊరి బియ్యమంతా ఒకే బియ్యంలా వండడం ఆవిడ విద్య. చర్చిలో ఆవిడ కూర్చున్నాకే మిగతా ఆడవాళ్లు కూర్చునేవారు. ఆవిడ ఏం చెప్పినా ఆయ్ అని తలొంచేవారు. ఆవిడ ఎవరితోనూ ఆ మాట అనగా నేను వినలేదు.

ఆ పటం సిస్టరమ్మ ఇచ్చింది. ఆవిడ జర్మనీ దేశపు నర్సు. మా ఆవరణలో కాలవ వైపు మూలనున్న ఒంటి గదిలో ఉండి మందులిచ్చేదట. ఆ ఆవరణంతా వాళ్ల దేశపు వాళ్లే కట్టించారు. యుద్ధం రోజుల్లో, నేను పుట్టక ముందే, వెళ్లిపోయింది. అమ్మమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆవిడ దగ్గరే కట్లు కట్టడం, పురుళ్లు పోయడం నేర్చుకుంది. పనయ్యాక ఆ గది మెట్ల మీద కూర్చుని సిస్టరమ్మ వచ్చీరాని తెలుగులో తమ ఊరి కోటలో రెండొందల ఏళ్ల కిందట బతికిన రాజుగారి భార్య కథ చెప్పేదట. అదే కథని మధ్యాహ్నాలు బియ్యం చెరుగుతూ అమ్మమ్మ నాకు చెప్పేది. రాణమ్మకి అసలు పేరేదో ఉండే ఉంటుంది. అది నోరు తిరగక అమ్మమ్మ రాణమ్మ అనేసింది.

రాణమ్మ పుట్టింది ఒక చిన్న జమీందారు ఇంట్లో. జర్మనీలో ఆ రోజుల్లో మన తాలూకా అంత కూడా లేని రాజ్యాలుండేవట. కొత్తపేటకి ఒక రాజు, రాజోలుకి ఒక రాజు అనుకో అనేది అమ్మమ్మ. పేరుకి కోట, వానొస్తే కారేది. ఇంటినిండా ఆడపిల్లలు, పెరటినిండా బాతులు. బాతులకి మేత వెయ్యడం రాణమ్మ పని. పదహారేళ్లు వచ్చేసరికి బొమ్మలు వేసేవాణ్ణి పిలిపించి పిల్ల బొమ్మ గీయించి, ఏటి అవతలి రాజుకి పంపించారు. ఆయనకి అప్పటికే ఒక భార్య పోయింది. ఆయన బొమ్మ చూసి ఊఁ అన్నాడట. అంతే పెళ్లిచూపులు. మరి రాజు బొమ్మ రాణమ్మకి చూపించలేదా అని అడిగాను. "మీ తాతయ్య బొమ్మ నాకెవరు చూపించేరే?" అంది అమ్మమ్మ, చేట ఆపకుండా.

సరిహద్దు ఏటి దగ్గర డేరా వేసి, పుట్టింటి బట్టలు లోపలి గుడ్డతో సహా విప్పించి, అత్తింటివి తొడిగారట. వెంట తెచ్చుకున్న దాసీపిల్లని అక్కడి నుంచే వెనక్కి తోలేశారు. గంపలో దాచి తెచ్చుకున్న బాతుపిల్లని కూడా లాక్కున్నారట. ఈ బాతుపిల్లని సిస్టరమ్మే చెప్పిందో, అమ్మమ్మ కలిపిందో నాకు తెలీదు. ఒళ్లో కుక్కపిల్ల ఆ బాతుపిల్లకి బదులు రాజు ఇచ్చిందే అని మాత్రం అమ్మమ్మ గట్టిగా చెప్పేది. కోటలో ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరి కుర్చీకి చేతులుండాలి, అన్నింటికీ రూలే. రాజు ఉంచుకున్న మనిషి అదే బల్ల దగ్గర భోజనానికి కూర్చునేది, రాణమ్మ ఆవిడకి కూడా రొట్టె అందించాలి. ఏటా ఒక కాన్పు. పుట్టినవాళ్లలో బతికినవాళ్లు తక్కువ. కోట గుడిలో నేలరాళ్ల కింద చిన్న చిన్న పెట్టెలు వరసగా ఉండేవట. ఇక్కడికి వచ్చేసరికి అమ్మమ్మ చెరగడం ఆపి, చేటలో రాళ్లేరేది. మా సమాధుల దొడ్డిలో ఆవిడ కన్నవాళ్లవీ మూడు చిన్న దిబ్బలున్నాయి.

అయినా రాణమ్మ దిగులుపడి మూల కూర్చోలేదు. కోట వెనక పళ్లతోట వేయించింది. ఊరి ఆడవాళ్లకి నూలు వడికే బడి పెట్టింది. ఆవిడ బండి వెళ్తుంటే దారిపొడుగునా జనం మోకాళ్లు వంచేవారు. ఒక్కరైనా పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఇన్ని కష్టాల మధ్య ఆవిడకి ఒక్కటే ధైర్యం. వాళ్ల రాచకుటుంబాల్లో ఒక ఆచారముంది. భర్త ముందు పోతే రాణి కోట ఖాళీ చేసెయ్యాలి, ఆవిడ బతికినంత కాలం ఉండడానికి వేరే ఇల్లివ్వాలి. అది పెళ్లినాడే రాసుకుంటారు. రాణమ్మకి రాసిన ఇల్లు కోట పక్కనే పారే ఇంకో ఏటికి అవతలి ఒడ్డున ఉంది. ఎర్రపెంకుల ఇల్లు, చుట్టూ నేరేళ్ల లాంటి నల్లపళ్ల చెట్లు. కాపురం చేసినన్నాళ్లూ కోట కిటికీలోంచి రోజూ దాన్ని చూసుకునేది. చివరికి రాజు పోయాడు, కొడుకు గద్దెనెక్కాడు, కోడలొచ్చింది. రాణమ్మ కోట తాళాలు కోడలి చేతిలో పెట్టి, పంటు ఎక్కి ఏరు దాటి, తన ఇంటి తలుపు తన తాళంతో తనే తీసుకుని లోపలికి వెళ్లింది. అంతేనమ్మా కథ, లే, అన్నం తిందువు గాని అనేది అమ్మమ్మ. ఎన్నిసార్లు చెప్పినా అక్కడే ఆపేది.

తాతయ్య ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఉన్నట్టుండి కుర్చీలో కూర్చున్నారు. నీళ్లు తెచ్చేలోపే అయిపోయింది. పాస్టరు పోతే ఇల్లు సంఘానిది. కొత్త అయ్యగారు వచ్చేవరకే పాత అమ్మగారు అందులో ఉండాలి. వాళ్లు దిగిన రోజున మొదటి భోజనం పాత అమ్మగారే వండి వడ్డించాలి, చల్లారిన పొయ్యి దగ్గరికి కొత్త కాపురం రాకూడదని. అది పెట్టి, ప్రార్థన చేయించుకుని, ఆవిడ వెళ్లిపోవాలి. ఇదెక్కడా రాసి లేదు, అందరికీ తెలుసు. అమలాపురంలో బడిపంతులుగా ఉన్న మావయ్య వచ్చి, మా ఇంటికి వచ్చెయ్యమ్మా అన్నాడు. ఎంత గట్టిగా అనాలో అంత గట్టిగా అనలేదు పాపం. రెండు గదుల అద్దె ఇల్లు, నలుగురు పిల్లలు. నాకు సిస్టరమ్మ గది ఉంది కదరా అంది అమ్మమ్మ. తాతయ్య బతికున్నప్పుడు సంఘ పెద్ద దేవదానంగారిని అడిగారట, నా తరవాత ఈవిడని ఆ మూల గదిలో ఉండనిస్తారా అని. దానికేముందండీ, ఆ గది అమ్మగారిదే కదండీ అన్నారట ఆయన. ఆ ముక్క పట్టుకుని అమ్మమ్మ ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉంది. జర్మనీవాళ్లు కట్టించిన ఆవరణలో జర్మనీ ఆచారమే నడుస్తుందని ఆవిడ నమ్మకం. మళ్లీ వెళ్లి గుర్తు చెయ్యడం ఆవిడ మర్యాదకి తక్కువ.

ఆ గదికి ఆవిడే సున్నం వేసుకుంది. నేను కాలవ నుంచి నీళ్లు మోసి పోశాను. తడి సున్నం వాసన, గోడల్లోంచి ఇంకా వదలని పాత ఫినాయిల్ వాసన కలిసిపోయి ఆ గదికొక చల్లదనం వచ్చింది. గుమ్మం పక్కన విరజాజి తీగ నాటింది. మంచం కాలవ వైపు కిటికీ కింద వేసుకోవాలా, తలుపుకి ఎదురుగానా అని రెండు వైపులా వేసి పడుకుని చూసుకుంది. మావయ్య చేత అమలాపురం నుంచి కొత్త ఇత్తడి తాళం తెప్పించుకుంది. బంగళా గుత్తిలో వెయ్యకుండా ఆ తాళాన్ని కప్పా చెవీ కలిపి, దిగిన రోజున వెయ్యడానికని, వేరేగా కొంగున ముడేసుకుంది. తాతయ్య పోయాక తెల్లచీర కట్టుకున్న ఆ మనిషి ముఖంలో అంత సంతోషం చూసి నాకు కొంచెం సిగ్గేసింది.

కొత్త అయ్యగారు రేవు దాటి రెండు బళ్ల మీద సామానుతో వచ్చారు. అమ్మమ్మ పిడికెడు బియ్యం కుండ మొత్తం తిరగేసి, మునుపటి కన్నా శ్రద్ధగా చెరిగి, అన్నం, కొరమేను పులుసు వండింది. కొత్తమ్మగారు చిన్నపిల్ల. తలెత్తకుండా తిని, అన్నం ఎంత బావుందండీ అంది చిన్నగా. అమ్మమ్మ తాళాల గుత్తి తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. ప్రార్థన అయింది. మమ్మల్ని రేవుకి తీసుకెళ్లడానికి గేటు దగ్గర బండి సిద్ధంగా ఉంది. అమ్మమ్మ దాని వంక చూడలేదు. ట్రంకు పెట్టెకి ఒక పక్క తను, ఇంకో పక్క నేను పట్టుకుని కాలవ వైపు నడిచాం. పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దేవదానంగారు కండువా తీసి చంకలో పెట్టుకుని వెనకాలే వచ్చారు. గది తలుపు తీసే ఉంది. లోపల సున్నం వేసిన గోడల మధ్య కోళ్లు తిరుగుతున్నాయి. ఒకటి కిటికీ మీద ఎక్కి కూర్చుంది.

"అమ్మగారూ, కొత్తమ్మగారు కోళ్లు పెంచుతారంటండి," అన్నారు దేవదానంగారు నేలకేసి చూస్తూ. "ఈ గది వాటికిద్దామని కమిటీలో అనుకున్నామండి. బండి మిమ్మల్ని రేవు దాకా దింపుతుందండి."

"మీరు అయ్యగారికి మాటిచ్చేరు."

"అన్నానండి. ఆయనంతటి వారు అడిగితే ముఖం మీద కాదని ఎలా అంటామండి."

ఆయన దుర్మార్గుడు కాదు. మా వైపు మర్యాదే అంత. ఎదుటివాడి మనసు ఆ క్షణాన నొప్పించకపోతే చాలు, తరవాత వాడి బతుకు ఏమైనా ఫరవాలేదు. అమ్మమ్మ కోళ్లని చూసింది, కిటికీ కింద మంచం కోసం ఖాళీ ఉంచుకున్న చోటుని చూసింది. "ఆయ్," అంది. తరవాత కొంగు ముడి విప్పి, ఇత్తడి తాళం తీసి ఆయన చేతిలో పెట్టింది. "గడియ వదులుగా ఉందండి. కాలవ గట్టున నక్కలు తిరుగుతాయి. ఇది వెయ్యండి." నేను పటం అని గొణిగితే, ఉండనీ అది కోటలోనే ఉండాలి అని బండెక్కేసింది.

మావయ్య ఇంట్లో అమ్మమ్మకి నడవలో మంచం వేశారు. అత్తయ్య చెడ్డ మనిషి కాదు, ఇల్లే చిన్నది. పగలు ఆ మంచం ఎత్తి గోడకి ఆనించకపోతే మనిషి అటూ ఇటూ వెళ్లడానికి దారుండదు. అమ్మమ్మ పగలంతా పెరటి గుమ్మంలో పీట మీద కూర్చునేది. మంచినీళ్లు కావాలన్నా అడిగి తాగేది. ఆవిడ నడుము దగ్గర గుత్తి చప్పుడు లేకపోవడంతో నాకు మొదట్లో భయమేసేది, ఎప్పుడు వెనకాలకి వచ్చిందో తెలిసేది కాదు. ఆవిడని కాస్త కుదుటపరుద్దామని ఒక సాయంత్రం రాణమ్మ కథ చెప్పమన్నాను. మొదటి నుంచి ఎత్తుకోలేదు. ఎప్పుడూ ఆపే చోట మొదలుపెట్టింది.

రాణమ్మ లోపలికి వెళ్లాక తలుపుకి బయట గడియ పెట్టారట. కొడుకు ఆజ్ఞ. ఊళ్లో జనానికి ముసలి రాణి అంటేనే అభిమానం, ఆవిడ కనిపిస్తే కోడలి పరువు తగ్గుతుందని. ఇక జీవితంలో ఏరు దాటనివ్వలేదు. ఏడాదికోసారి మనవల్ని కోట వైపు ఒడ్డుకి తెచ్చి నిలబెట్టేవారు. మంచులో వాళ్లలో ఎవరు పెద్దో ఎవరు చిన్నో కూడా ఆనవాలు పట్టలేకపోయేది. అలాగే ముసలిదయి అక్కడే పోయింది. పోయాక మాత్రం పంటు నిండా నల్లగుడ్డలు కప్పి, ఊరు ఊరంతా గంటలు కొట్టి, ఏరు దాటించి తెచ్చి రాజు పక్కన పెట్టారు.

నాకు ఏడుపొచ్చింది. ఇదంతా నీకెప్పుడు తెలిసిందని అడిగాను. సిస్టరమ్మ మొదటిరోజే చెప్పిందంది.

"తెలిసి కూడా ఆ గదే కావాలనుకున్నావా?"

"గడియ బయటుంటే ఏమయిందే," అంది అమ్మమ్మ, గోడకి ఆనించిన మంచం వైపు చూస్తూ. "మంచం ఎటేసుకోవాలో ఆవిడ ఇష్టం."

మరుసటి వానాకాలం దాటలేదు అమ్మమ్మ. కబురు తెలియగానే సంఘంవాళ్లు పడవ కట్టుకుని వచ్చారు. తెల్లగుడ్డ కప్పి, చర్చి గంట కొట్టి, పేటలన్నీ కదిలివచ్చి, తాతయ్య పక్కన పెట్టారు. దేవదానంగారు వెక్కివెక్కి ఏడ్చారు. అది దొంగ ఏడుపు కాదని అప్పుడే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. ఆవిడకి తాతయ్య పక్కన చోటివ్వడానికి కమిటీ కూర్చోనక్కర్లేదు. పాస్టరు భార్యకి సంఘం అడక్కుండా ఇచ్చే జాగా అదొక్కటే.

ప్రసన్న టీ తెచ్చింది. అమలాపురంలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుందట, స్కూటీ మీద వెళ్లొస్తుంది. కొత్త బంగళా రెండంతస్తులు, ఏసీలు, కారు పెట్టుకోవడానికి చోటు, అన్నీ ఫోన్‌లో చూపించింది. పిడికెడు బియ్యం కుండ లేదిప్పుడు. చర్చి గుమ్మం పక్కన క్యూఆర్ కోడ్ అతికించారు. మేలే, ఇప్పటి అమ్మగార్లకి పొగలో దగ్గే పని లేదు, ఊరి బియ్యమంతా చెరిగే పని లేదు. నాకు ఇందులో కుళ్లుబోతుతనం కాస్త ఉందని ఒప్పుకుంటాను. ఈ దొరసాని ఎవరండీ అని అడిగింది ప్రసన్న. కథ చెప్పాను. ఎన్నో ఏళ్ల తరవాత చెబుతున్నా ఒక్క ముక్క తడుముకోలేదు. బాతులు, బొమ్మ, డేరా, పళ్లతోట, అన్నీ వరసగా వచ్చాయి. రాణమ్మ తన తాళంతో తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది అని ఆపేశాను. ఎందుకాపానంటే, ఆ పిల్ల ముఖం అంత తేటగా ఉంది.

"ఎంత బాగుందండీ," అంది ప్రసన్న. "మాక్కూడా కమిటీవాళ్లు ఆ కాలవ మూల ఒక గది కట్టిస్తామన్నారండి, ఆయనకేదైనా అయితే నేనుండడానికి. ఆయనే అడిగేరు. దానికేముందండీ అన్నారంట."

నేను టీ కప్పు కింద పెట్టేశాను. కథ అక్కడితో అయిపోలేదమ్మా, కూర్చో అన్నాను. గడియ సంగతి, ఒడ్డున మనవల సంగతి, నల్లగుడ్డల పంటు, అన్నీ చెప్పాను. కోళ్ల సంగతి, ఇత్తడి తాళం సంగతి కూడా చెప్పాను. మధ్యలో ఫోన్ మోగితే కట్ చేసింది. నీ పేర ఎక్కడైనా నాలుగు గజాలున్నాయా అని అడిగాను. లేవండి, దేవుడి సేవలో ఉన్నవాళ్లకి సొంతిల్లు ఎందుకంటారండి ఆయన అంది. పటం పట్టుకెళ్తారా అని అడిగితే వద్దన్నాను. కొత్త ఇంట్లో నీకు రోజూ కనిపించే చోట తగిలించుకో, అద్దం మార్పించు అన్నాను.

వెళ్లేముందు సమాధుల దొడ్డికి నడిచాను. ప్రసన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. తాతయ్య రాయి నాచు పట్టినా అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. ఆయన పూర్తి పేరు, ఎక్కడ సేవ చేసిందీ, ఒక వాక్యం, అన్నింటి కింద చిన్న అక్షరాల్లో, మరియు వారి భార్య. ప్రసన్న వంగి చదివింది. వేలితో నాచు గీకి, ఇంకేమన్నా ఉందేమోనని చూసింది. ఏమీ లేదు. రాణమ్మ పేరు చెదలు తిన్నాయి, అమ్మమ్మ పేరు తినడానికి చెదలకి కూడా దొరకలేదు.

"మీ అమ్మమ్మగారి పేరేంటండి?"

"సుగుణమ్మ," అన్నాను. నాకు తెలిసి ఆ ఆవరణలో ఆ పేరు పైకి పలకడం అదే మొదటిసారి.

ప్రసన్న ఆ పేరు ఒకసారి తనలో తను అనుకుంది. తరవాత ఆ వరసలో తాతయ్య తరవాతి అయ్యగార్ల రాళ్ల మీదుగా చూస్తూ వచ్చి, చివర గడ్డి మొలిచిన ఖాళీ దగ్గర ఆగింది. అక్కడ ఇంకా ఇద్దరికి చోటుంది. ఆ పిల్ల దాన్ని కళ్లతోనే కొలుస్తుంటే, నేను చూడనట్టు కాలవ వైపు తిరిగాను.